పన్నెండో పేరు

‘‘పాలు పొంగిపోతున్నాయి. నీ ప్రాప్‌ని కాసేపు పక్కన పెట్టి రా’’ అని మావారు కేకేశారంటే, ఆ రోజు మా ఇంట్లో జట్టు ఎంపిక జరుగుతోందని అర్థం.

ప్రాప్ అంటే రగ్బీలో ముందు వరసలో నిలబడి భుజాలతో నెట్టే భారీ మనిషి. నా ప్రాప్ వయసు పందొమ్మిది, బరువు 118 కిలోలు. అతగాడు భూమ్మీద ఎక్కడా లేడు. ఇంటర్నెట్‌లో ఆడే ఓ రగ్బీ మేనేజర్ ఆటలో కంప్యూటర్ పుట్టించిన కుర్రాడు. అలాంటి లేని కుర్రాళ్లలోంచి భారతదేశం అండర్-20 జట్టును ఎంపిక చేసే పని 2022లో కొన్ని నెలలపాటు నా నెత్తిన పడింది. పడింది అనడం కూడా అబద్ధమే. పోటీ చేసి, ఓట్లడిగి మరీ తెచ్చుకున్నాను.

నేను లెక్కల టీచర్ని. తూర్పు గోదావరి జిల్లా పల్లెటూళ్లలో జిల్లా పరిషత్ హైస్కూళ్లు తిరిగి తిరిగి 2020 జూన్ నెలాఖరున రిటైరయ్యాను. కరోనా రోజులు. సభా లేదు, శాలువా లేదు. హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి ‘‘అమ్మా, పెన్షన్ కాగితాలు త్వరగా పంపించండి’’ అన్నారు, అంతే. మర్నాడు పొద్దున్న అలవాటుకొద్దీ టిఫిన్ డబ్బా సర్దేసి, సంచీలో పెట్టబోతూ ఆగిపోయాను. మావారు చూసి కూడా చూడనట్టు పేపర్లో తల దూర్చేశారు. ఆయన అంత మర్యాద పాటించిన సందర్భాలు తక్కువ.

మా అబ్బాయి న్యూజిలాండ్‌లో, డునెడిన్ అనే ఊళ్లో ఉంటాడు. ‘‘అమ్మా, నీకు రోజంతా తోచేలా ఓ పని పెడతా’’నని వాడే నన్ను ఈ ఆటలో చేర్చాడు. రగ్బీ నాకు పూర్తిగా కొత్తేం కాదు. 2018 వేసవి సెలవుల్లో వాడి దగ్గరికి వెళ్లాం. మనకి రోహిణి కార్తె ఎండలు, వాళ్లకి ఎముకలు కొరికే చలి. అక్కడి స్టేడియానికి పైన కప్పు ఉంటుంది, అద్దంలా వెలుతురు లోపలికి వస్తుంది. అందులో కూర్చుని మొదటిసారి ఆ ఆట చూశాను. బంతి చేత్తో అందివ్వాలంటే వెనక్కే అందివ్వాలి, ముందుకి విసరకూడదు. ముందుకు పోవాలంటే పట్టుకుని పరుగెత్తాలి, లేదా తన్నాలి. ఎనిమిది మంది ఇటూ ఎనిమిది మంది అటూ తలలు దూర్చి నెట్టుకుంటుంటే ‘‘ఇదేం ఆటరా, కబడ్డీకీ కుస్తీకీ పుట్టినట్టుంది’’ అన్నాను. ఆట అయ్యేసరికి పక్క సీటాయనతో కలిసి నేనూ లేచి అరుస్తున్నానని మావారు ఇప్పటికీ అందరికీ చెబుతారు.

ఇంటర్నెట్ ఆటలో మనం పరుగెత్తక్కర్లేదు. మనకో క్లబ్బు ఇస్తారు. అందులో కుర్రాళ్లుంటారు. ఒక్కొక్కరికీ బలం, వేగం, ఒడుపు, ఎగురుడు, బంతి పట్టు, తన్నుడు, ఎదురుదాడి, అడ్డుకోవడం అంటూ మార్కులుంటాయి. వారం వారం తర్ఫీదు ఇస్తే ఆ మార్కులు గింజ గింజగా పెరుగుతాయి. కుర్రాళ్లను కొనొచ్చు, అమ్మొచ్చు. మ్యాచ్ నాడు కంప్యూటరే ఆడించి, జరిగింది వరసగా రాసి చూపిస్తుంది. బొమ్మలూ లేవు, చప్పుడూ లేదు. రేడియోలో కామెంటరీ విన్న మా తరానికి అది లోటనిపించదు.

ప్రతి కుర్రాడికీ ఒక దేశం ఉంటుంది. మన దేశం పేరుమీద పుట్టినవాడు ఉరుగ్వే వాళ్ల క్లబ్బులో ఉండొచ్చు, ఫ్రాన్స్‌లో ఉండొచ్చు. అలాంటివాళ్లందరిలోంచీ దేశం జట్టుని తయారుచేయడానికి ఒక మనిషిని ఆ దేశం సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. పెద్దల జట్టుకి ఒకరు, అండర్-20కి ఒకరు. రగ్బీ దేశాల్లో ఈ ఎన్నికలు పంచాయతీ ఎన్నికల్లా సాగుతాయట. మనవాళ్లం మాత్రం మహా ఉంటే ఒక పెళ్లి పంక్తికి సరిపోతాం.

‘రగ్బీకీ మనకీ ఏమిటి సంబంధం?’ అని అడిగేవాళ్లకి నేనో కథ చెబుతాను. 1873లో కలకత్తాలో తెల్లదొరలు ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. నాలుగైదేళ్లకే ఆడేవాళ్లు తగ్గిపోయారు. మూసేసే ముందు బ్యాంకులో మిగిలిన డబ్బుని 270 వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, ఒక కప్పు చేయించారు. దానికి మూడు నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు. ఇంగ్లండూ స్కాట్లండూ 1879 నుంచీ ఆ కలకత్తా కప్పు కోసమే కొట్టుకుంటున్నాయి. మన రూపాయలే కదా మరి! ఇక 2019లో మన ఆడపిల్లల జట్టు మనీలాలో సింగపూర్‌ని 21-19తో ఓడించింది. పదిహేను మంది ఆడే రగ్బీలో మన అమ్మాయిలకు అదే మొదటి గెలుపు. ఆ ఫొటో నా దగ్గర దాచుకున్నాను.

ఎన్నికలో నా వాగ్దానం ఒక్కటే. ‘జట్టులోకి తీసుకోని ప్రతి కుర్రాడి యజమానికీ, ఎందుకు తీసుకోలేదో కారణం రాసి పంపుతాను.’ అది ఎందుకు రాశానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. పోలైన ఓట్లు 41. నాకు 19, తతిమ్మా ఇద్దరికీ కలిపి 22. గెలిచినందుకు అభినందిస్తూ ఒకతను ‘బ్రో, అదరగొట్టావ్’ అని రాశాడు. నాకు అరవై దాటాయనీ, మోకాళ్ల నొప్పులనీ అతనికి చెప్పి ఉత్సాహం పాడుచేయడమెందుకని థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

గెలిచాక తెలిసింది అసలు కష్టం. ఎదుటివాళ్ల కుర్రాళ్ల మార్కులు మనకి కనబడవు. యజమానులే రాసి పంపాలి. అడగ్గా అడగ్గా ఓ డెబ్బై మంది వివరాలు వచ్చాయి. అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. మావారు బ్యాంకులో చేసినాయన, ఆ గళ్లు గీసే పని ఆయనదే.

మొదట అందరూ చూసేది మొత్తం మార్కులు. ‘మావాడి మొత్తం ఇంత, వాణ్ణెందుకు తీసుకోరు?’ అని దెబ్బలాట. పదో తరగతి జవాబు పత్రాలు ఎన్నేళ్లు దిద్దాను! ఆరొందలకి 430 వచ్చి, లెక్కల్లో 33 దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎంతమంది లేరు? మొత్తం చూసుకుని తల్లిదండ్రులు సంబరపడేలోపే ఫెయిల్ అన్న మాట కనిపిస్తుంది. ఇక్కడా అంతే. ప్రాప్‌కి బలం, ఒడుపు ఉంటే చాలు, వాడి తన్నుడు మార్కు నాకెందుకు? గీత దగ్గర నుంచి విసిరిన బంతిని గాల్లోకి లేచి అందుకోవాల్సిన లాక్‌కి ఎగురుడు లేకపోతే వాడి మొత్తం ఎంతైతే ఏం లాభం? స్క్రం హాఫ్‌కి చేతులు. వింగ్‌కి కాళ్లు. ఫుల్ బ్యాక్‌కి, ఆకాశంలోంచి పడుతున్న బంతి కింద కదలకుండా నిలబడే ధైర్యం. దానికి ఈ ఆటలో మార్కుల్లేవు, అనుభవం అన్న గడి చూసి ఊహించుకోవాలి.

బెంచీ మీద కూర్చునే ఎనిమిది మందిదీ చిన్న లెక్క కాదు. అసలు ఆటలో ముందు వరసలోని ముగ్గురికీ అదే పని తెలిసిన బదులు మనుషులు ఉండి తీరాలి. మెడలు విరుగుతాయి మరి. ఆ పని రానివాణ్ణి అక్కడ నిలబెట్టకూడదు. క్రమశిక్షణ మార్కు తక్కువున్నవాడు ఎంత మొనగాడైనా భయమే. పసుపు కార్డు పడితే పది నిమిషాలు పద్నాలుగు మందితో ఈదాలి. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ చివరి బెంచీలో ఒకడుంటాడు. నాకు వాళ్లంటే ఇష్టమే, కానీ జట్టులో వద్దు.

పుట్టినరోజుల గొడవ ఇంకోటి. 21 నిండిన మరుక్షణం కుర్రాడు అండర్-20 జట్టుకి పనికిరాడు. పోటీలు మొదలయ్యేనాటికి ఇరవై ఉండి, చివరి మ్యాచ్ ముందురోజు 21 నిండేవాణ్ణి తీసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ దొంగ సర్టిఫికెట్టు కుదరదు. మా స్కూలు రిజిస్టరు ప్రకారం సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టారు. బడిలో చేర్చడానికి అనువుగా అయ్యవార్లు వేసిన తేదీలవి. కంప్యూటర్‌కి ఆ జాలి లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పదో నంబరు చొక్కా వేసుకునేవాణ్ణి ఫ్లై హాఫ్ అంటారు. జట్టుకి బుర్ర వాడే. బంతి తన్నాలా, అందివ్వాలా అన్నది అతనే తేల్చాలి. ఆ స్థానానికి ఇద్దరు మిగిలారు. ఒకడు ఉరుగ్వే ఆయన కొనుక్కున్న కుర్రాడు. రెండోవాడు మా అబ్బాయి కుర్రాడు.

మావాడు ఆ పిల్లాణ్ణి పదిహేడో ఏట తెచ్చుకుని, మూడు సీజన్లు పెంచాడు. వాడికోసం మంచి సెంటర్‌ని అమ్మేసి కోచ్‌ని మార్చాడు. ‘ఎప్పటికైనా ఇండియాకి ఆడతాడమ్మా’ అనేవాడు, నేను పోటీ చేస్తాననే ఆలోచన లేని రోజుల్లోనే. మొత్తం మార్కుల్లో వాడే ఎక్కువ. పరుగెత్తుతాడు, తప్పించుకుంటాడు. కానీ తన్నుడు మార్కు 8. ఉరుగ్వే వాడిది 13. పెనాల్టీకి మూడు పాయింట్లు, ట్రై తర్వాత తన్నుడుకి రెండు పాయింట్లు. మనలాంటి చిన్న జట్టు బతికేదే వాటిమీద.

మూడు రాత్రులు ఆ రెండు గళ్లూ చూశాను. మావారిని అడిగాను. ‘‘2003 వరల్డ్ కప్‌కి లక్ష్మణ్‌ని తీసుకోనప్పుడు నువ్వు సెలెక్టర్లని ఏమని తిట్టావో గుర్తుందా?’’ అన్నారు. గుర్తుంది. మా వీధి వీధంతా తిట్టింది. 2019లో అంబటి రాయుడి విషయంలో అయితే చీఫ్ సెలెక్టర్ మన గుంటూరాయనే కావడంతో ఎటు తిట్టాలో తెలియక ఇంట్లో రెండు పార్టీలయ్యాం. బయట కూర్చుని తిట్టడం ఎంత హాయో!

నాలుగో రోజు ఉరుగ్వే కుర్రాడి పేరు రాశాను. వాగ్దానం ప్రకారం అందరికీ పంపినట్టే మా అబ్బాయికీ ఉత్తరం పంపాను. ‘డియర్ మేనేజర్’ అని మొదలుపెట్టి, తన్నుడు మార్కు తేడా, మన జట్టుకి దాని అవసరం, వచ్చే సీజన్లో పరిశీలిస్తామన్న మాట. అమ్మ అని సంతకం పెట్టలేదు. ఆ ఆదివారం వాడు ఫోన్ చేయలేదు. పైఆదివారం కూడా చేయలేదు. కోడలు చేసి ‘‘ఆయనకి ఆఫీసులో పని ఎక్కువగా ఉందత్తయ్యా’’ అంది. వెనకాల వాడి దగ్గు వినిపిస్తూనే ఉంది.

కన్నకొడుకునే పక్కన పెట్టానన్న గర్వం నాకు లేకపోలేదు. ఆ గర్వంలోనే ముప్పయ్యో పేరు దగ్గర జారాను.

జాబితాలో ముప్పై మందిని రాసుకోవచ్చు. మ్యాచ్‌కి కావలసింది ఇరవై ముగ్గురు. చివరి పేర్లు ఎలాగూ ఆడరు. ఎన్నికల్లో నాకు సాయం చేసినతను, బ్రో అని రాసినతనే, ఒక సందేశం పంపాడు. ‘మన గ్రూపు ఓట్లు ఎనిమిదీ నీకే వేయించాను. నా ప్రాప్‌ని జాబితాలో పెట్టు చాలు, ఆడించకపోయినా ఫర్వాలేదు. జాతీయ జట్టు ముద్ర పడితే సంతలో రేటు పెరుగుతుంది.’ అతని ప్రాప్ కంటే మంచివాడు ఇంకొకడున్నాడు. కొత్తగా చేరిన ఒక కాలేజీ కుర్రాడి దగ్గర ఉన్నాడు. అయినా ఆడించని పేరే కదా అనుకున్నాను. రాసేశాను. పాలు పొంగింది ఆరోజే.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. నిజానికి గుర్తురాని రోజు తక్కువ.

1996. మా డ్రిల్లు మాస్టారు కామెర్లతో సెలవులో ఉన్నారు. ఆడపిల్లల ఖోఖో జట్టుని జోనల్ ఆటలకి తీసుకెళ్లే బాధ్యత నామీద పడింది. ఖోఖోకి పన్నెండు మంది. తొమ్మిది మంది బరిలోకి, ముగ్గురు అదనం. పదకొండు పేర్లు రాశాక, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. సన్నగా, రెండు జడలు వెనక్కి మడిచి కట్టుకుని, పోల్ దగ్గర నేలమీదికి వాలుతూ మనిషిని అందుకుంటే చూసినవాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఆ పిల్ల పేరు పన్నెండోది. ఆ సాయంత్రం ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర్నుంచి చీటీ వచ్చింది. వాళ్ల చుట్టాలమ్మాయికి స్పోర్ట్స్ సర్టిఫికెట్ కావాలి. పై చదువులకి కోటా ఉంటుందని. ‘పన్నెండోదే కదా టీచర్‌గారూ, ఎలాగూ ఆడదు’ అని చీటీ తెచ్చినతను సర్దిచెప్పాడు. నన్నెవరూ బెదిరించలేదు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. పేరు కొట్టి పేరు రాశాను.

సోమవారం ఇంటర్వెల్‌లో ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. ఏడవలేదు. ‘‘టీచర్, నేనెక్కడ తప్పు చేశానో చెబితే దిద్దుకుంటాను’’ అంది. ‘‘నువ్వింకా చిన్నదానివి, వచ్చే ఏడు చూద్దాం’’ అన్నాను. అదే వయసు పిల్లలు జట్టులో నలుగురున్నారు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. తలూపి వెళ్లిపోయింది. మరుసటేడు బడికి రాలేదు. పెళ్లి చేశారని కొందరు, వాళ్ల నాన్నతో పనికి వలస వెళ్లిందని కొందరు చెప్పారు. నేను వాకబు చేయలేదు.

తెల్లవారుజామున మూడింటికి లేచి కంప్యూటర్ పెట్టాను. గడువు ఇంకా దాటలేదు. ముప్పయ్యో పేరు తీసేసి కాలేజీ కుర్రాడి ప్రాప్‌ని రాశాను. బ్రో గారికి కారణం రాశాను, రెండు ప్రాప్‌ల మార్కులూ పక్కపక్కన పెట్టి. జవాబుగా ఒక్క మాట వచ్చింది. అది ఇక్కడ రాసేది కాదు.

పోటీల్లో ఏం జరిగిందంటారా? ఓ మోస్తరుగా ఆడాం. శ్రీలంకతో చివరి మ్యాచ్ గెలిస్తే పై దశకి వెళ్లేవాళ్లం. మా అబ్బాయికి కోపం తగ్గినట్టుంది, ఆరోజు వాడే ఫోన్ చేసి లైన్లో ఉన్నాడు. ఇద్దరం చెరో దేశంలో కూర్చుని ఆ అక్షరాలు చదువుకుంటున్నాం. ఆఖరి నిమిషంలో మనవాళ్లు ట్రై చేశారు. 22-24. ఇక తన్నుడు. పడితే సమానం. నేను కొడుకుని కాదని ఏరి కోరి తెచ్చుకున్న 13 మార్కుల కుర్రాడు బంతి పెట్టుకున్నాడు. తర్వాతి లైను రావడానికి ఎంతసేపో పట్టినట్టనిపించింది. ‘కుడి పక్కకి పోయింది’ అని వచ్చింది.

ఫోన్లో చాలాసేపు నిశ్శబ్దం. నేనే ‘‘అనరా, అనేది’’ అన్నాను.

‘‘ఏముందమ్మా అనడానికి. మావాడైతే ఎడం పక్కకి పోయేది’’ అన్నాడు.

తర్వాతి ఎన్నికలో ఐదు ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఎనిమిది ఓట్లు ఎటు పోయాయో లెక్కల టీచర్ని, నాకు తెలియదా! మావారు ‘‘ఇక పాలు పొంగవు’’ అని సంతోషించారు. ఆయనే 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో జట్టు ఉందని తెలిసి, రోజూ టీవీ ముందు నాకన్నా ముందే కూర్చునేవారు. అది ఏడుగురు ఆడే పొట్టి ఆట. ‘ప్రాప్‌లు ముగ్గురు ముగ్గురే కనిపిస్తున్నారేం?’ అంటూ ముందు వరసంతటినీ ప్రాప్‌లు చేసేస్తారు. ఇంత నేర్చుకున్నారు, అది చాలు.

నేను ఇప్పటికీ నా క్లబ్బు నడుపుతున్నాను. ఈసారి నా దగ్గర ఒక వింగ్ కుర్రాడు తయారయ్యాడు. పద్దెనిమిదేళ్లు, వేగంలో మనదేశం కుర్రాళ్లలో వాణ్ణి మించినవాడు నాకు తెలిసి లేడు. పోయిన వారం కొత్త సెలెక్టర్ జాబితా పెట్టాడు. రెండుసార్లు పైనుంచి కిందకి చదివాను. మావాడి పేరు లేదు. కారణం రాసే పద్ధతి ఇప్పుడు లేదు.

సెలెక్టర్‌కి నేనే రాశాను. వాడి మార్కులన్నీ పంపి, ఎక్కడ తక్కువైందో చెబితే ఈ సీజన్లో అదే నేర్పిస్తానన్నాను. మా అబ్బాయి ‘‘వదిలెయ్యమ్మా, ఆటే కదా’’ అంటున్నాడు. పొద్దున్న కాఫీ పెట్టకముందే ఇంకోసారి చూశాను. అతను చదివినట్టు గుర్తు కనబడుతోంది. జవాబు మాత్రం రాలేదు.